ఇరిమి చేయమంటే ఇరుక్కుపోతున్నాను. ఐకిడోలో అడుగులు కుదరడానికి ఏం చేయాలి?

లెక్కల టీచర్ (నాచారం):

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్ళు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. తార్నాక వైపు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జరిగే ఐకిడో (జపాన్ యుద్ధవిద్య) క్లాసులో చేరి మూడు నెలలు దాటింది. వారానికి మూడు రోజులు, పొద్దున ఐదున్నరకి. చేరడానికి పెద్ద కారణమేమీ లేదు. మా పాపని చేర్పిస్తే అది రెండో రోజే ఏడ్చి మానేసింది. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వం అన్నారు. దండగ చేయడం ఇష్టంలేక దాని బదులు నేను వెళ్ళడం మొదలుపెట్టాను.

పడటం వచ్చేసింది. మొదటి నెల భుజం కమిలిపోయి బోర్డు మీద పై వరస రాయాలంటే చెయ్యి లేచేది కాదు. ఇప్పుడు ముందుకి, వెనక్కి బాగానే దొర్లుతున్నాను. నా గొడవంతా నిలబడి ఉన్నప్పటి కాళ్ళతోనే.

పోయిన శనివారం సంగతి చెబుతాను. మా బ్యాచ్‌లో ఆరడుగుల అబ్బాయి ఒకడున్నాడు, నాకు జోడీగా పడ్డాడు. నేను ఐదడుగుల ఒక అంగుళం. అతను చెయ్యెత్తి నడినెత్తి మీదకి కత్తి దించినట్టు కొడతాడు (షోమెన్ ఉచి), నేను లోపలికి వెళ్ళాలి. సార్ "ఇరిమి, ఇరిమి, లోపలికమ్మా" అంటున్నారు. బుర్ర సరేనంటుంది, కాళ్ళు మాత్రం వెనక్కే పోతాయి. నాలుగోసారి వెనక్కి పోయి పోయి మ్యాట్ దాటేశాను, మడమ వెళ్ళి షూ ర్యాక్‌కి తగిలింది. చెప్పులన్నీ కింద పడ్డాయి. సరేలే అని ఐదోసారి తెగించి తిన్నగా ముందుకి దూకితే నా ముక్కు అతని ఛాతీకి కొట్టుకుంది. "సారీ మేడమ్" అని అతను, "పర్లేదు నాన్నా" అని నేను. క్లాసంతా ఒకటే నవ్వు. నేను చేసేది ఇరిమి కాదు, ఇరుక్కోవడం.

తెన్‌కాన్ ఇంకో తలనొప్పి. మణికట్టు పట్టుకుంటే ముందు కాలి మీద గిర్రున తిరిగి అతని పక్కన, అతను చూసే వైపే చూస్తూ నిలబడాలి కదా. నా 180 డిగ్రీలు 140 దగ్గరే ఆగిపోతున్నాయి. నేను తిరిగినా చెయ్యి వెనకే ఉండిపోతుంది, దాన్ని పీక్కోవాల్సి వస్తోంది. పైగా రెండు వారాలుగా కుడి మోకాలు లోపలి పక్క సలుపుతోంది.

క్లాసులో అందరి ముందూ పదేపదే అడగాలంటే మొహమాటంగా ఉంది. ఇంట్లో డాబా మీద ఒక్కదాన్నే చేసుకోగలిగింది ఏమైనా ఉంటే చెప్పండి.

పాత హకామా:

టీచరమ్మా, షూ ర్యాక్ దగ్గరికొచ్చేసరికి నవ్వాపుకోలేకపోయాను. కొత్తలో నాకు మంచినీళ్ళ క్యాన్ తగిలింది, అంతే తేడా. నేను రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాను. పద్నాలుగేళ్ళుగా ఇందులో ఉన్నాను. గురువుని కాను, పాత విద్యార్థిని. మీ సార్ ఒకటి చెప్పి నేనింకొకటి చెబితే ఆయన మాటే వినండి.

నాకు ఇరిమి అర్థమైంది డోజోలో (ఐకిడో నేర్చుకునే చోట) కాదు, యార్డులో పాత సంగతి ఒకటి గుర్తొచ్చినప్పుడు. షంటింగులో బోగీ నెమ్మదిగా వస్తుంటే కొత్తగా చేరిన కుర్రాళ్ళు పట్టాల మధ్యే వెనక్కి వెనక్కి నడిచేవాళ్ళు. కళ్ళు బోగీ మీదే. మేస్త్రీ బూతులు కలిపి అరిచేవాడు: "పట్టా దిగరా! వెనక్కెంత దూరం నడుస్తావ్, విజయవాడ దాకానా?" మీరు శనివారం చేసింది అదే. కొట్టేవాడు ముందుకొస్తున్నాడు, అతనికి కళ్ళూ కాళ్ళూ రెండూ ముందుకే ఉన్నాయి. మీరు వెనక్కి ఎంత గబగబా వెళ్ళినా అతనికంటే వేగంగా వెళ్ళలేరు. ఛాతీకి ముక్కు కొట్టుకున్నారే, అది పట్టాల మీదే ఎదురు పరిగెత్తడం. రెండిట్లోనూ తప్పొకటే, పట్టా దిగలేదు.

ఇరి అంటే ప్రవేశించడం, మి అంటే ఒళ్ళు. ఒళ్ళు లోపలికి వెళ్ళాలి. చెయ్యో, తలో, ఒక్క పాదమో వెళితే సరిపోదు. ఎక్కడి లోపలికి? కొట్టే చేతికి బయటి పక్కగా, అతని భుజం వెనక్కి. అక్కడ నిలబడితే అతని చేతులు మిమ్మల్ని తేలిగ్గా అందుకోలేవు, మీ చేతులు మాత్రం అతని మెడ దాకా వెళతాయి. ఆ చోటుని షికాకు అంటారు, చూపు పడని మూల అన్నమాట.

ఇక డాబా సంగతి. షాబాదు బండలు పరిచి ఉంటే సగం పని అయినట్టే, బండల మధ్య సిమెంటు గీతలున్నాయి కదా. లేకపోతే సుద్దముక్క, మీకు దానికి కరువేముంది. నిలువుగా ఒక పొడుగు గీత గీయండి. అదే దెబ్బ వచ్చే దారి, అదే పట్టా. దాని మీద హన్‌మిలో, అంటే ఒక పాదం ముందు, ఒకటి వెనక పెట్టి నిలబడండి. ముందు పాదం గీత వెంట తిన్నగా, వెనక పాదం వేళ్ళు పక్కకి తిరిగి, మోకాళ్ళు కొంచెం సడలి. ఇప్పుడు ముందు పాదాన్ని ఎత్తకుండా నేలకి రాసుకుంటూ ముందుకీ పక్కకీ మధ్యగా ఐమూలగా జరపండి, ఒక బండంత దూరం చాలు. జరిపాక ఆగి కిందకి చూడండి. వెనక పాదం ఎక్కడుంది?

అక్కడే ఉంటుంది, గీత మీద. నా లెక్కలో పది మందిలో తొమ్మిది మంది ఇక్కడే దొరికిపోతారు. ముందు పాదం పట్టా దిగిపోయింది కాబట్టి ఇరిమి అయిపోయిందనుకుంటాం. వెనక పాదం దిగకపోతే తుంటి దిగదు, తుంటి దిగకపోతే తలా వెన్నూ దెబ్బ కిందే ఉంటాయి. అప్పుడు కాళ్ళు చేయాల్సిన పని చేతులు చేయబోతాయి, తోస్తాం, అడ్డం పెడతాం. ఆరడుగుల అబ్బాయిని తోయగలరా మీరు? వెనక పాదం దానంతటది రావాలి, ముందు పాదం తాడు కట్టి లాగినట్టు. ఈ అడుగుని కొందరు ఒకురి అషి అంటారు, కొందరు సుగి అషి అంటారు. పేరు మీ డోజోలో ఏదంటే అదే వాడండి, దాని మీద వాదనలు పెట్టుకుని సాయంత్రాలు పాడుచేసుకున్నవాళ్ళని చూశాను.

వారం రోజులు ఇంతే. చేతులు నడుం మీద పెట్టుకోండి, వాటికి సెలవు. కుడికి ఇరవై, ఎడమకి ఇరవై.

రెండో వారం బట్టలారేసే దండేనికి లీటరు వాటర్ బాటిల్ కట్టండి, సగం నీళ్ళతో, తాడు పొడుగు మీ నుదురంత ఎత్తుకి వచ్చేలా. దాన్ని దూరంగా నెట్టి వదిలి గీత మీద నిలబడండి. అది మీ వైపు బయల్దేరగానే అడుగు వేయండి. దగ్గరికొచ్చాక కాదు, బయల్దేరగానే. సరిగ్గా దిగితే బాటిల్ చెవి పక్కనుంచి వెళ్ళిపోతుంది, లోపల నీళ్ళు గుళగుళమన్న చప్పుడు వినిపిస్తుంది. దిగకపోతే నుదుటికి తగులుతుంది, పెద్దగా నొప్పేమీ ఉండదు, సిగ్గు మాత్రం వేస్తుంది. ఆ అబ్బాయితో మీ తప్పు సగం ఇదే. చెయ్యి కిందకి దిగడం మొదలయ్యాక కదులుతున్నారు. కదలాల్సింది అతను చెయ్యి పైకెత్తుతున్నప్పుడు. ఎత్తినప్పుడు పక్కలు ఖాళీగా ఉంటాయి, బరువు ఇంకా ముందుకి పడలేదు. అతని చేతిని చూడకండి. భుజాలు, ఛాతీ, మొత్తం మనిషిని కలిపి చూడండి.

ఎత్తు గురించి బెంగ వద్దు. ఈ విద్యని మొదలుపెట్టిన ఉయెషిబా మోరిహెయి గారు (1883–1969) ఐదడుగులకి కాస్త పైన ఉండే మనిషి. లోపలికి వెళ్ళడానికి పొట్టివాళ్ళకే దారెక్కువ.

తెన్‌కాన్ సంగతి రాత్రికి రాస్తాను. మనవడికి టిఫిన్ టైమైంది.

గ్లవ్స్ వేసుకో అన్నా:

అక్కా ఏమీ అనుకోవద్దు, అంకుల్ మీరు కూడా. రెండేళ్ళ నుంచి బాక్సింగ్ చేస్తున్నా. అలా చెయ్యి ఆకాశానికెత్తి నెత్తిన కొట్టేవాడు నాకు హైదరాబాద్‌లో ఒక్కడు కూడా తగల్లేదు. రోడ్డు మీద గొడవైతే కాలర్ పట్టుకుంటారు, లేదా అడ్డగోలుగా గుద్దుతారు. మూడు నెలలు ఒక అడుగు కోసం ఏడ్చే బదులు జబ్ (ముందు చేత్తో తిన్నగా ఇచ్చే గుద్దు) నేర్చుకోవచ్చుగా?

లెక్కల టీచర్ (నాచారం):

తమ్ముడూ, నేను రోడ్డు మీద ఎవరితోనూ గొడవ పెట్టుకునే ఉద్దేశంతో చేరలేదు. ఫీజు కట్టేశానని చేరాను. 😄 జబ్‌కి మళ్ళీ ఇంకో ఫీజు కట్టలేను.

పాత హకామా గారూ, ఇందాకే పైకి వెళ్ళి గీత గీసి చూశాను. మీరన్నది నిజం. ఇరవైలో పద్దెనిమిదిసార్లు నా వెనక పాదం గీత మీదే కూర్చుని ఉంది, స్టాఫ్‌రూమ్‌లో మా సీనియర్ మేడమ్‌లాగా, కదలదు. ఒక డౌటు. వెనక పాదాన్ని లాక్కొస్తే రెండు పాదాలూ దగ్గరగా వచ్చేసి తూలుతున్నాను. ఎంత దూరంలో ఆపాలి?

మోకాళ్ళ ఫిజియో (మల్కాజిగిరి):

మేడమ్, అందరూ ఇరిమి గురించి మాట్లాడుతున్నారు, మీ మోకాలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను ఐకిడో చేయను. కానీ మా క్లినిక్‌కి డాన్స్, మార్షల్ ఆర్ట్స్ చేసేవాళ్ళు ఇదే ఫిర్యాదుతో వస్తుంటారు.

మోకాలు ముఖ్యంగా తలుపు బందులాంటిది. ముడుచుకుంటుంది, చాపుకుంటుంది. మెలి తిరగడం దాని పని కాదు, ఆ పని తుంటిది. సెల్లార్‌లో మీకు పరిచింది ఒకదానికొకటి తగిలించే రబ్బరు మ్యాట్లే అయ్యుంటాయి. చెమట పట్టిన అరికాలు వాటికి అతుక్కుంటుంది. బరువంతా ఆ కాలి మీదే వేసి, మడమ ఆనించి, పైనుంచి ఒంటిని తిప్పారనుకోండి. పాదం రాదు, తొడ తిరుగుతుంది, మధ్యలో నలిగేది మోకాలు. లోపలి పక్క నొప్పికి కారణం ఇదే అని చూడకుండా చెప్పలేను, కానీ మొదట అనుమానించేది దీన్నే.

తిరిగేటప్పుడు మడమ కింద పేపరు దూరేంత సందు ఉంచి, పాదం ముందు భాగం మీద తిరగండి. బొటనవేలు ఎటు చూస్తే మోకాలిచిప్ప కూడా అటే చూడాలి. అద్దం ముందు మెల్లగా చేసి చూసుకోండి, తేడా కంటికే కనిపిస్తుంది. నొప్పి తగ్గేదాకా తిరగడాలు మానేయండి, తిన్నగా వేసే అడుగులు చేసుకోవచ్చు. వాపు వచ్చినా, మెట్లు దిగుతుంటే కాలు పట్టేసినట్టయినా, మోకాలు జారిపోతున్నట్టనిపించినా ఆగకుండా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. షాబాదు బండల మీద ఉత్త కాళ్ళతో వంద తెన్‌కాన్‌లు చేసే ఆలోచన ఉంటే అది కూడా వద్దు.

పాత హకామా:

ఫిజియో మేడమ్ చెప్పింది అక్షరాలా పాటించండి. నా ఎడమ మోకాలు దీనికి సాక్షి. మొదటి రెండేళ్ళు మడమ మీద తిరిగాను, చెప్పేవాళ్ళు చెప్పినా వినలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద నడిచే షిక్కో మొదలవగానే నేను పక్కకెళ్ళి కూర్చుంటాను.

మీ డౌటు. వెనక పాదం మొదట ఎంత దూరంలో ఉందో అడుగయ్యాక కూడా అంతే దూరంలో ఉండాలి. బయల్దేరినప్పుడు పాదాలతో ఏర్పడ్డ త్రికోణమే మొత్తంగా జరగాలి. మీ భాషలో చెప్పాలంటే ఆకారం మారదు, చోటే మారుతుంది, దానికేదో పేరుంటుంది మీ పుస్తకాల్లో. పాదాలు దగ్గరికొచ్చేస్తున్నాయంటే ముందు అడుగు చిన్నదైందనో, ముందు కాలు ఆగిపోయాక వెనక కాలు విడిగా పరిగెత్తుకొచ్చిందనో అర్థం.

బాక్సింగ్ తమ్ముడూ, నువ్వన్నది తప్పు కాదు. ఆ దెబ్బ ఎందుకంత పైనుంచి వస్తుందంటే అది చేతి దెబ్బగా చూపించిన కత్తి వేటు. ఉయెషిబా గారు 1915లో హొక్కైడోలో తకెదా సోకకు అనే ఆయన్ని కలిసి దైతో ర్యు నేర్చుకున్నారు. సమురాయ్‌ల కాలం వాసన పోని విద్య అది. కత్తి దిగుతుంటే అడ్డం పెడితే చెయ్యే పోతుంది. అందుకే అడ్డుకోవడం కాదు, గీత దిగి లోపలికి వెళ్ళడం. ఐకిడో అన్న పేరు స్థిరపడింది 1942లో. రోడ్డు మీద గొడవకి మూడు నెలల ఐకిడో పనికొస్తుందని నేనూ చెప్పను, పద్నాలుగేళ్ళదైనా పరిగెత్తడమే మేలు. కానీ జబ్ వస్తే మీ కోచ్ ఏం చేయమంటాడు? తల తప్పించి బయటి పక్కకి అడుగేయమనడూ?

గ్లవ్స్ వేసుకో అన్నా:

అంటాడు. 🙂 సరే అంకుల్, ఆ వెనక కాలు గోల మా దగ్గరా ఉంది. నన్ను రోజూ తిట్టేది దానికే.

పాత హకామా:

చూశావా.

ఇప్పుడు తెన్‌కాన్. టీచరమ్మా, చెయ్యి వెనకే ఉండిపోతోందన్నారు. తప్పు చేతిది కాదు, చెయ్యిని ఎక్కడ ఉంచాలో కాళ్ళకి తెలియకపోవడం. అతను మీ మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి ఉన్న చోటే ఉంటుంది. మీరే దాని దగ్గరికి వెళతారు. తులసికోట చుట్టూ ప్రదక్షిణం చేస్తాం, కోటని మన చుట్టూ తిప్పుకోం కదా. ముందు పాదాన్ని అతని ముందు పాదం బయటికి, ఇంచుమించు పక్కపక్కన వచ్చేలా జరపండి. ఇది చిన్న ఇరిమే, ఇది లేకుండా తెన్‌కాన్ లేదు. మీ 140 డిగ్రీలకి కారణం ఇక్కడుందని నా అనుమానం. ఉన్నచోటే తిరగబోతున్నారు. అతనికి దూరంగా ఉండి తిరిగితే చెయ్యి చాలదు, చెయ్యి చాలకపోతే ఒళ్ళు మధ్యలో ఆగిపోతుంది. దగ్గరికి వెళ్ళాక మోచెయ్యి పక్కటెముకలకి దగ్గరగా, అరచెయ్యి పైకి, పుస్తకం పట్టుకుని పాఠం చెబుతున్నట్టు బొడ్డు ముందు ఉంచండి. అప్పుడు తుంటిని తిప్పితే వెనక కాలు దానంతటది సున్నా చుట్టి వెనక్కొస్తుంది. తిరగడం అయ్యాక చెయ్యి బొడ్డు ముందు లేకపోతే మళ్ళీ మొదటికి.

ఇదంతా మోకాలు నొప్పి తగ్గాకే. అప్పటిదాకా బాటిల్.

లెక్కల టీచర్ (నాచారం):

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మధ్యలో పరీక్ష పేపర్లు దిద్దడంతో సరిపోయింది.

ముందు మోకాలు. పది రోజులు తిరగడాలు ఆపేశాను, సార్‌కి చెబితే "ముందే చెప్పాలి కదమ్మా" అన్నారు. ఇప్పుడు సలుపు లేదు. మడమ కొద్దిగా లేపి తిరగడం కొత్తలో హైహీల్స్ వేసుకున్నట్టుండేది, అలవాటైంది.

బాటిల్ కథ వేరే. దండేనికి బాటిల్ కట్టి దాని ముందు నేను నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ అడుగులేస్తుంటే పక్క డాబా మీద వడియాలు పెడుతున్న ఆంటీ రెండు రోజులు చూసి మూడో రోజు ఆగలేక అడిగేశారు, "దిష్టికా అమ్మా అది?" అని. అవునన్నాను, అదే తేలిక. మొదటి నాలుగు రోజులు దిష్టి నాకే తగిలింది, నుదుటి మీద. ఐదో రోజు ఆ గుళగుళ చప్పుడు చెవి పక్కన వినిపించింది. పాత హకామా గారూ, అది విన్నాక పైనుంచి దిగబుద్ధి కాలేదు, ఇడ్లీ కుక్కర్ మాడిపోయింది.

మొన్న శనివారం మళ్ళీ ఆ అబ్బాయే. అతను చెయ్యెత్తాడు. నేను చేతిని చూడలేదు, టీషర్టు మీద ఏదో కంపెనీ బొమ్మ ఉంటుంది, దాన్ని చూస్తున్నాను. కాలు కదిలింది, వెనక కాలు కూడా వచ్చింది. అతని చెయ్యి నా పక్కనుంచి గాలిలోకి దిగిపోయింది. నేను అతని భుజం వెనక నిలబడి ఉన్నాను, అతను ముందుకి వంగి "మేడమ్?" అని వెతుక్కుంటున్నాడు. నాకు ఆ తర్వాత ఏం చేయాలో గుర్తు రాలేదు. మెడ పట్టుకుని తిప్పాలని, ఇరిమి నాగె (లోపలికి వెళ్ళి పడేయడం) అని, ఏదీ లేదు, ఊరికే నిలబడిపోయాను. సార్ చూసి, "బాగుంది, ఇప్పుడు ఆ చేతులకి కూడా ఏదైనా పని చెప్పమ్మా" అన్నారు.

అది కుడి వైపు. ఎడమ వైపు ఇంకా షూ ర్యాకే. ఎడమకి వేరే కిటుకు ఏమైనా ఉందా, లేక బాటిల్‌ని దండేనికి ఆ చివర కట్టాలా?